విండోస్ 11 అప్‌గ్రేడ్ ఫెయిలైందా? ఫార్మాట్ కొట్టే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

కర్నూలులో సిస్టంలు రిపేరు చేసే నాకు ఈ మధ్య తరచూ వినబడుతున్న మాట: "అన్నా, అప్‌గ్రేడ్ ఫెయిలైంది, దీంతో ఏగలేను, ఫార్మాట్ కొట్టేయ్." 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగిశాక 11కు మారాలనే తొందర పెరిగింది. అప్‌గ్రేడ్ ఫెయిలైనా పోని ఫైళ్లు ఆ తర్వాత కొట్టిన ఫార్మాట్‌తో పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అప్‌గ్రేడ్ ఆగిపోతే ఇక ఫార్మాటే దిక్కు.

వాస్తవం: అప్‌గ్రేడ్ మొదలవగానే పాత విండోస్ చెరిగిపోదు. మధ్యలో తేడా వస్తే సెటప్ తనంతట తానే వెనక్కి తిరిగి పాతదాన్నే మళ్లీ నిలబెడుతుంది. ఒకవేళ అసలు బూటే కాకపోయినా, పెన్‌డ్రైవ్‌తో లైనక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టం) బూట్ చేసో, డిస్కు విప్పి వేరే సిస్టంకు తగిలించో ముందు ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం దాని కీ కావాలి, ఆ సంగతి కింద చెప్పాను. "సీ డ్రైవ్ ఒక్కటే కొడతాం, డీలో డేటా భద్రం" అంటారు కదా, మామూలుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ ఉండేది ఆ సీలోనే. పిల్లల ఫొటోలు, అంగడి లెక్కలు అలా పోగొట్టుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ నంబరుకు అర్థముండదు.

వాస్తవం: కారణం చాలావరకు ఆ నంబరులోనే ఉంటుంది. చివర్లో 80070070 అని ఉంటే సీ డ్రైవ్‌లో ఖాళీ చాలలేదని. డీలో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు, సీలో 25-30 జీబీ వదలండి. సీ1900208 అంటే ఏదో సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌కు పొసగడం లేదు.

ఎక్కువగా సతాయించేది సీ1900101. ఇది దాదాపు ఎప్పుడూ డ్రైవర్ (ప్రింటరు, స్కానరు లాంటి పరికరాలను విండోస్‌తో పని చేయించే చిన్న సాఫ్ట్‌వేర్) గొడవే. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఒకాయన డెస్క్‌టాప్ ఇలాగే రీస్టార్ట్ కావడం, వెనక్కి రావడం. అందులో ఏళ్ల తరబడి తెలుగులో టైపు చేసి పెట్టుకున్న నమూనాలున్నాయి. క్యాబినెట్ వెనక చూస్తే వేలిముద్రల మిషను, ప్రింటరు, సాఫ్ట్‌వేర్ లాకు (యూఎస్‌బీ డాంగిల్), వెబ్‌క్యామ్ అన్నీ గుచ్చి ఉన్నాయి. కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేశాను. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్ సెటప్‌డయాగ్ నడిపితే రిపోర్టులో ఒక డ్రైవర్ ఫైలు పేరు వచ్చింది. డివైస్ మేనేజర్‌లో 'షో హిడెన్ డివైసెస్' పెట్టి చూస్తే, అది ఎప్పుడో అమ్మేసిన స్కానరుది! దాన్నీ, బయటి కంపెనీ యాంటీవైరస్‌నూ అన్‌ఇన్‌స్టాల్ చేశాక అప్‌గ్రేడ్ సాఫీగా పూర్తయింది. ఆయన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అపోహ: శాతం కదలకపోతే హ్యాంగ్ అయినట్టే, పవర్ బటన్ నొక్కేయాలి.

వాస్తవం: పాత హార్డ్ డిస్కున్న సిస్టంలో ఒకే అంకె మీద గంటకు పైగా నిలవొచ్చు. డిస్కు లైటు మినుకుమంటుంటే పని జరుగుతున్నట్టే, వదిలేయండి. ముఖ్యంగా మార్పులు వెనక్కి తీస్తున్నామని చెప్పే సమయంలో ఆపేయడం చాలా ప్రమాదం. ఎండాకాలంలో మనకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్ మొదలుపెట్టొద్దు. ల్యాప్‌టాప్ అయితే చార్జరు పెట్టే ఉంచండి.

అపోహ: నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగితే వైరస్ ఎక్కినట్టే.

వాస్తవం: అది బిట్‌లాకర్, అంటే డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం. విండోస్ 11 కోసం బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) సెక్యూర్ బూట్, టీపీఎం (సెక్యూరిటీ చిప్) సెట్టింగులు మార్చినప్పుడు ఇలా అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్‌లలో ఆ కీ సాధారణంగా ఆ అకౌంటులోనే ఉంటుంది. ఫోన్‌లో అదే అకౌంటు తెరిచి చూసుకోవచ్చు. కీ దొరక్కపోతే డిస్కు విప్పి వేరే సిస్టంకు తగిలించినా ఫైళ్లు తెరుచుకోవు. దయచేసి బయోస్ ముట్టుకునే ముందే ఆ కీ కాగితం మీద రాసుకోండి, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి (తాత్కాలికంగా ఆపండి).

అపోహ: పాత సిస్టంకైనా ఎలాగోలా 11 ఎక్కించాలి, లేకపోతే అది పనికిరాదు.

వాస్తవం: విండోస్ 11కు టీపీఎం 2.0, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 4వ జనరేషన్ సిస్టంకు అడ్డదారిలో ఎక్కించొచ్చు గానీ, అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అంగడి లెక్కలున్న సిస్టంకు నేనైతే అలా ఎక్కించను. సపోర్టు ముగిసిన తేదీతో విండోస్ 10 పని చేయడం ఆగిపోలేదు. ఇంట్లో వాడే సిస్టంలకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం పెట్టారు. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లో చేరొచ్చు.

అప్‌గ్రేడ్ పూర్తయ్యాక ఏదైనా పని చేయకపోయినా గాబరా పడొద్దు. పాత విండోస్ 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డరులో ఉంటుంది. 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి 'గో బ్యాక్' నొక్కితే వెనక్కి రావచ్చు, కాబట్టి ఖాళీ కోసమని ఆ ఫోల్డరును ముందే తీసేయకండి. రిపేరుకు తెచ్చేటప్పుడు ఎర్రర్ స్క్రీన్ ఫొటో, మైక్రోసాఫ్ట్ అకౌంటుకు ఓటీపీ వచ్చే ఫోన్ రెండూ వెంట తెచ్చుకోండి.