135 ఉన్నాక 21కి విలువెంత?

స్థానిక ఎన్నికల మాట ఎత్తగానే ఆంధ్రప్రదేశ్ కూటమిలో పాత గొణుగుడు మళ్లీ పైకొస్తోంది: మా వాటా ఎంత? టీడీపీ కార్యకర్తలు 2024 జూన్ 4 నుంచి లెక్క మొదలుపెడతారు. 135 సీట్లు మావే, ప్రభుత్వానికి 88 చాలు అంటారు. జనసేన వాళ్ల లెక్క రాజమండ్రి జైలు గేటు దగ్గర, 2023 సెప్టెంబర్ 14న మొదలవుతుంది. లోపలున్న చంద్రబాబును కలిసి బయటికొచ్చిన పవన్ కల్యాణ్ టీడీపీతో పొత్తు ప్రకటించింది అక్కడే.

అసలు మలుపు 2024 ఫిబ్రవరి 24. జనసేనకు 24 అసెంబ్లీ, 3 లోక్‌సభ సీట్లని తేలిన రోజది. అభిమానులు అంతకు చాలా ఎక్కువే ఆశించారు. నాలుగు రోజులకే తాడేపల్లిగూడెం సభలో, తనకు సలహాలు అక్కర్లేదని పవన్ కల్యాణ్ కటువుగానే చెప్పేశారు. మార్చిలో బీజేపీ కూడా చేరాక 24 కాస్తా 21 అయ్యాయి, లోక్‌సభవి రెండే మిగిలాయి. టీడీపీ 144 చోట్ల బరిలోకి దిగింది.

లొంగిపోయారని అప్పుడే అన్నారు. కానీ 2019లో ఒక్క రాజోలే గెలిచి, అధినేత రెండుచోట్లా ఓడిన పార్టీ ఇంకేం బేరమాడుతుంది? పోటీచేసిన 21కి 21 గెలిచారు కూడా.

చిక్కంతా ఆ గెలుపులోనే ఉంది. జనసేన వదులుకున్న చోట్ల దాని ఓటు టీడీపీకి బాగా పడింది. అలా పడకపోయుంటే టీడీపీ 80 దగ్గర ఆగేదేమో, అప్పుడు 21కి మంత్రివర్గంలోనే కాదు, ప్రతి జీవోలోనూ ధర ఉండేది. మాట నిలబెట్టుకున్నందుకే అవసరం తీరిపోయింది!

మిగతావన్నీ దీని కొమ్మలే. 2025 జనవరిలో లోకేశ్‌ను డిప్యూటీ సీఎం చేయాలని టీడీపీ నేతలు కొందరు అందుకుంటే, అధిష్ఠానమే నోరు మూయించింది. మార్చిలో చిత్రాడ సభలో, పవన్ గెలుపు తమవల్లేనని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఖర్మ అని నాగబాబు అన్నారు. పవన్ కోసం పిఠాపురం సీటు త్యాగం చేసిన టీడీపీ నేత వర్మ అనుచరులకు అది గట్టిగానే తగిలింది.

ఢిల్లీలో సీన్ వేరు. అక్కడ మెజారిటీకి 272 కావాల్సి ఉండగా బీజేపీ 240 దగ్గర ఆగింది కాబట్టి టీడీపీ 16 మంది ఎంపీలకు బరువుంది. చంద్రబాబుకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. 2019లో ఒంటరిగా వెళ్తే అసెంబ్లీలో వచ్చింది 23 సీట్లే.

జనసేన చేతిలో బలం ఉండేది పోలింగ్‌కు ముందే. వార్డుల పంపకం దగ్గర గొంతులు పెరుగుతున్నది అందుకే.