ఆశా సంచిలో త్రాసు ఎక్కడిది?

కాన్పయి ఇంటికొచ్చిన బాలింతను చూడడానికి ఆశా కార్యకర్త మూడో రోజున వస్తుంది. తర్వాత 7, 14, 21, 28 రోజులకు, చివరగా 42వ రోజుకు. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. బిడ్డను తూకం వేస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది, ఫారం నింపుతుంది. అన్ని విడతలూ పూర్తిచేస్తే ఆమెకు ఇవ్వాల్సింది 250 రూపాయలు. కేంద్రం 2011లో దేశమంతా మొదలుపెట్టిన కార్యక్రమమిది. దీని మూలాలు మనకు దూరమేమీ కాదు. కాళేశ్వరం దగ్గర నది దాటితే వచ్చే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లాలోని సిరొంచ వైపు ఇప్పటికీ తెలుగు బాగా వినిపిస్తుంది.

అయితే కథ అక్కడ మొదలు కాలేదు. కార్ల్ టేలర్ 1916లో ముస్సోరీ కొండల్లో మిషనరీల ఇంట పుట్టిన అమెరికన్ డాక్టర్. 1960ల్లో ఆయన పంజాబ్‌లోని లూధియానా దగ్గర నారంగ్‌వాల్ అనే ఊరిని తన పరిశోధనకు కేంద్రంగా చేసుకున్నాడు. డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు పల్లెలో నెమ్ముకు (న్యుమోనియాకు) పెన్సిలిన్ ఇస్తే పిల్లల చావులు తగ్గుతాయా? అక్కడ పరీక్షించిన ప్రశ్నల్లో ఇదొకటి. తగ్గాయి. 1970ల మధ్యలో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది, కానీ టేలర్ జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో పాఠం చెప్పడం మానలేదు. అక్కడ చదివి వచ్చిన అరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. 1984లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అదే యూనివర్సిటీలో ప్రజారోగ్యంలో పీజీ చేశారు.

అమెరికా వెళ్లకముందే అభయ్ బంగ్‌కు పరిశోధన విలువ ఒకసారి తెలిసొచ్చింది. వ్యవసాయ కూలీల కనీస వేతనం లెక్కకట్టేటప్పుడు ప్రభుత్వం తిండి ఖర్చు ఎంత తక్కువ చేసి చూపిందో ఆయన లెక్కలతో బయటపెట్టాడు. కూలి పెరిగింది. అందుకే హాప్కిన్స్ నుంచి ఆయన తెచ్చుకున్న వాటిలో డిగ్రీ కన్నా ముఖ్యమైనది ఒక అలవాటని నాకనిపిస్తుంది: పిల్లలు ఎక్కడ చనిపోతున్నారో అక్కడికే వెళ్లి లెక్కపెట్టడం. ఆ రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. పేద దేశాల జబ్బుల మీద ప్రపంచ వైద్య పరిశోధన ఖర్చులో నూటికి 5 రూపాయలే పెడుతున్నారని 1990లో ఒక అంతర్జాతీయ కమిషన్ తేల్చింది.

దంపతులిద్దరూ తమ సంస్థ ‘సెర్చ్’ పని గడ్చిరోలిలో మొదలుపెట్టింది 1986లో. ముందు నెమ్ము మీద పడ్డారు. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే మన పల్లెల్లో అమ్మమ్మలు కూడా భయపడతారు. ఊపిరి వేగాన్నీ, ఆ డొక్కల కదలికనూ చూసి, ఎక్స్‌రే లేకుండానే నెమ్మును గుర్తుపట్టవచ్చని పపువా న్యూ గినీలో గోరోకా ఆసుపత్రి డాక్టర్లు 1984లో చూపించారు. కానీ నిమిషానికి యాభై దాకా అంకెలు లెక్కించడం రాని మంత్రసాని ఏం చేయాలి? సెర్చ్ వాళ్లు పూసల పలక తయారుచేశారు. ఇసుక గడియారం తిప్పి, పది ఊపిరులకు ఒక పూస జరపాలి. నిమిషంలోపు ఎర్ర పూస దాకా వస్తే నెమ్ము. అప్పుడు కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇవ్వాలి. వైద్యం అందిన పిల్లల్లో నూటికి ఒక్కరు కూడా చనిపోలేదు. అందని ఊళ్లలో నెమ్ము సోకిన పిల్లల్లో నూటికి 13 మందికి పైగా పోయారు. 1990లో ఈ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి.

ఇంకా మిగిలింది పురిటి గది. మొదటి నెల చావులు అక్కడే జరిగేవి, లెక్కలోకి వచ్చేవి కావు. 1995-96లో 39 ఊళ్లలో, ఐదు నుంచి పది తరగతుల దాకా చదివిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి, కాన్పు దగ్గర నుంచి 28 రోజుల దాకా ప్రతి బిడ్డ వివరాలూ రాయించారు. మొత్తం 763 మంది పసికందులు. సగానికి పైగా పిల్లలకు వైద్యం అవసరమైంది. అందింది నూటికి ముగ్గురికి కూడా కాదు. నలభై మంది చనిపోయారు.

తర్వాత ఆ స్త్రీలే వైద్యం మొదలుపెట్టారు. ఊపిరి అందని బిడ్డకు శ్వాస పట్టించడం, తక్కువ బరువు బిడ్డను వెచ్చగా ఉంచడం, ఇన్ఫెక్షన్ సోకితే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. పల్లెటూరి ఆడమనిషి నెల నిండని బిడ్డకు సూది వేయడమేమిటని డాక్టర్లలో చాలామందికి ఒప్పుదల కాలేదు. 1999 డిసెంబరులో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం, పోలిక కోసం పెట్టుకున్న 47 ఊళ్లతో చూస్తే మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి.

తర్వాత ఇలాంటి పద్ధతినే పరీక్షించిన బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో ఈ మరణాల్లో 34 శాతం తగ్గుదల కనబడింది. 2009లో డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ కలిసి ఇంటికి వెళ్లి చూసే పద్ధతిని సిఫారసు చేశాయి. మన దగ్గర నాగర్‌కర్నూల్ ప్రాంతంలో నాంది ఫౌండేషన్, లండన్ పరిశోధకులు కలిసి నాలుగు వందలకు పైగా ఊళ్లలో చేసిన ట్రయల్‌లోనూ నవజాత మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి.

దేశమంతా అమలుచేసేటప్పుడు మాత్రం కొన్ని వదిలేశారు. ఆశా చేతికి త్రాసు ఇచ్చారు, సూది ఇవ్వలేదు. 2014లో జెంటామైసిన్ అనుమతి ఏఎన్‌ఎంలకు, అంటే పల్లెల్లో పనిచేసే నర్సులకు దొరికింది, అదీ షరతులతో. నా దృష్టిలో అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. గడ్చిరోలి స్త్రీలు రాసిన లెక్కతోనే అక్కడి వైద్యం ఏమిటో తేలింది. ఇప్పటి ఆశా ఫారం నింపుతుంది, ఫారం పీహెచ్‌సీకి, అక్కడి నుంచి పైకి పోతుంది. తన ఊళ్లో ఆ ఏడాది ఎందరు బిడ్డలు ఏ కారణంతో పోయారో ఆమెకు కూర్చోబెట్టి చెప్పే ఏర్పాటు ఎక్కడో తప్ప కనబడదు. 2018లో ఆమె పనికి మరో ఐదు విడతలు చేర్చారు, మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా. వాటితో పాటు ఫారాలూ పెరిగాయి.