కెమెరా కొనాలా, ఫోన్ చాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో నాకు చిన్న స్టూడియో ఉంది, ఎక్కువగా పెళ్లిళ్లు తీస్తాను. వారానికి ఒకరైనా వచ్చి "అన్నా, ఓ మంచి కెమెరా చెప్పరాదె" అంటారు. "ఏం తీస్తవ్ తమ్మీ?" అని అడిగితే సగం మంది దగ్గర జవాబుండదు.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎన్ని ఎక్కువుంటే ఫొటో అంత బాగుంటుంది.
వాస్తవం: 4కే టీవీ తెర మొత్తం 8 మెగాపిక్సెల్స్ చిల్లరే. మా ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీ నిండా ఒకే ఫొటో వేసినా 20 సరిపోతాయి. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద రకం కెమెరాలో సెన్సర్, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే పలక, 36×24 మిల్లీమీటర్లు. ఫోన్‌లో ఉండేది మహా అయితే చిటికెన వేలి గోరంత. అసలు తేడా అక్కడుంది.

అపోహ: పెద్ద కెమెరా కొంటే ఫొటోలు వాటంతటవే బాగొస్తాయి.
వాస్తవం: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒక కుర్రాడు కొత్త కెమెరాతో వచ్చాడు. గర్భగుడి గోడ మీద పడే నీడను తీయాలని అతని ఆశ. మోడ్ ఆటోలో ఉంది, లోపల చీకటి, ఫ్లాష్ దానంతటదే లేచి వెలిగింది. ఫొటోలో తెల్లగా వెలిగిపోయిన గోడ తప్ప నీడ లేదు! పక్కనున్న దోస్తు ఫోన్‌లో మాత్రం నీడ చక్కగా పడింది. "కెమెరా ఖరాబున్నట్టుందన్నా" అన్నాడు పాపం. ఫ్లాష్ మూయించి, మోచేతులు గోడకు ఆనించి తీయిస్తే వచ్చింది, కాస్త గరుకుగా. ఆ గరుకుకు కారణం వెలుతురు చాలకపోవడం: కెమెరాతోపాటు వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్స్ 55 దగ్గర 5.6 వరకే తెరుచుకుంటుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకున్నట్టు). 50 ఎంఎం 1.8 లెన్స్ దానికి దాదాపు పదింతల వెలుతురు లోపలికి వదులుతుంది. సీరియస్‌గా తీసేవాళ్లు బాడీ కంటే ముందు లెన్స్ గురించి అడిగేది అందుకే.

అపోహ: ఫోన్లు వచ్చి కెమెరాల పని ఖతం చేశాయి.
వాస్తవం: ఖతమైంది జేబులో పట్టే చిన్న కెమెరాలే. జపాన్ కంపెనీల లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా కెమెరాలు మార్కెట్లోకి వెళ్తే, 2020లో 90 లక్షలు కూడా దాటలేదు. లెన్స్ మార్చుకునేవీ తగ్గాయి, నిజమే. కానీ అప్పట్లో పదింటిలో ఒకటిగా ఉన్నవి ఇప్పుడు సగానికి మించాయి. సరదాగా తీసేవాళ్లు ఫోన్‌కు వెళ్లిపోయారు, అదే వాళ్లకు సరైనది కూడా.

అపోహ: ఎక్కువ డబ్బు పెట్టేది క్వాలిటీ కోసమే.
వాస్తవం: నేను పెట్టింది రెండో మెమరీ కార్డు పట్టే స్లాట్ కోసం. మిర్యాలగూడలో ఒక పెళ్లి. జీలకర్రబెల్లం అయింది, తలంబ్రాలు మొదలయ్యాయి, స్క్రీన్ మీద 'కార్డ్ ఎర్రర్'. అప్పటి నా కెమెరాలో స్లాట్ ఒక్కటే. రికవరీలో సగం ఫొటోలే దొరికాయి. పెళ్లికూతురి తండ్రి ఒక్క మాటా అనలేదు, తిట్టినా బాగుండేది. ఇప్పుడు ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. భోజనాలకు లేచే ముందు ఒక కార్డు తీసి చొక్కా జేబులో వేసుకుంటాను.