నెల తప్పిందని ఎందుకు చెప్పలేదు?

కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ తర్వాత కూడా గర్భం వచ్చిందని పరిహారం అడిగే తల్లికి కోర్టులో ఎదురయ్యే ప్రశ్న ఇది. ఈ ప్రశ్నకు బలం 2005 ఆగస్టు 25న వచ్చింది. పంజాబ్ ప్రభుత్వం వేసిన అప్పీలులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఆ రోజు రెండు మాటలు చెప్పింది. ఏ పద్ధతిలో చేసినా ఈ ఆపరేషన్ విఫలమయ్యే అవకాశం కొంత ఉంటుంది కాబట్టి, గర్భం రావడమొక్కటే వైద్యుడి నిర్లక్ష్యానికి రుజువు కాదన్నది మొదటిది. అది న్యాయమే. గర్భమని తెలిశాక దంపతులు ఉంచుకుంటే ఆ బిడ్డ ఇక అవాంఛిత సంతానం కాదు, పెంపకం ఖర్చు అడగడానికి వీల్లేదన్నది రెండోది. తల్లుల మెడకు చుట్టుకున్నది ఈ రెండోదే.

ఐదేళ్ల ముందు, 2000లో, అదే కోర్టు మరో తల్లి గోడు విన్నది. ఆమె ఏడుగురు పిల్లలున్న నిరుపేద కూలి. 1988లో గురుగ్రామ్ ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంది. అనుమానం వచ్చి వెళితే గర్భం కాదని పంపేశారు. కడుపు పెరిగాక వెళ్లి తీసేయమని వేడుకుంటే, ఇప్పుడు ప్రాణానికే ప్రమాదమన్నారు. ఆడపిల్ల పుట్టింది. విచారణలో తేలిందేమిటంటే, వైద్యులు కుడివైపు అండవాహికను మాత్రమే మూశారు, ఎడమవైపుది ముట్టుకోనే లేదు. విఫలమైతే పరిహారం అడగనని ఆమె వేలిముద్ర వేసిందని హరియాణా ప్రభుత్వం వాదించింది. బిడ్డను సాకే బాధ్యత తల్లిదండ్రులదేనని కూడా అంది. కోర్టు ఒప్పుకోలేదు. 54,000 రూపాయల పరిహారం, దానిపై వడ్డీ ఖాయమయ్యాయి.

ఆమె వేళకే ఆసుపత్రికి వెళ్లింది. గుర్తించలేకపోయింది ఆసుపత్రే. 2005 తీర్పును పట్టుకుని వాదించేవారు ఈ సంగతి ఎత్తరు.

విఫలమైన కేసులకు నిధో బీమానో ఏర్పాటు చేయాలని 2005 ధర్మాసనమే సూచించింది. ఆ ఏడాది నవంబరులో కేంద్రం బీమా పథకం తెచ్చింది. 2013లో అది నష్టపరిహార పథకమైంది. విఫలమైతే 30,000 రూపాయలు, తర్వాత దాన్ని 60,000 చేశారు. ఆపరేషన్‌కు ముందు సంతకం చేసే అంగీకార పత్రంలో ఒక షరతు కూడా ఉంది: నెల తప్పితే రెండు వారాల్లో ఆసుపత్రికి చెప్పాలి, గర్భం తీయించుకోకపోతే పథకం ఇచ్చే సొమ్ముకు మించి ఏ కోర్టులోనూ అడగకూడదు.

ఈ షరతు మన దగ్గర ఎవరికి వర్తిస్తుందో చూడండి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో సుమారు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. కాన్పు అయిన వెంటనే, సిజేరియన్‌తో పాటే చేయించుకోవడం ఇక్కడ మామూలు. పాలిచ్చే తల్లికి నెలల తరబడి బహిష్టు రాకపోవచ్చు. రాని నెల తప్పిందని ఆమెకు ఎలా తెలుస్తుంది? తెలిసేసరికి నాలుగో నెలో, అయిదో నెలో. ఆ పత్రం మాత్రం రెండు వారాల గడువును నెల తప్పినప్పటి నుంచే లెక్కపెడుతుంది.