తలలో రక్తం కారడమంటే ఏమిటి? పిల్లలకు బాపమ్మ ఉత్తరం

హన్మకొండ

బిడ్డలారా,

"పక్కింటి తాతకు తలలో రక్తం కారిందంటున్నారు, దెబ్బే తగల్లేదు కదా, చుక్క రక్తం బయటికి రాలేదు కదా, ఎట్లా బాపమ్మా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. మంచి ప్రశ్న. సర్కారు దవాఖానాలో నర్సుగా చేసినదాన్ని, రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం.

మెదడు మన ఒంటి బరువులో సుమారు 2 శాతమే. కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. అందుకని దాని నిండా రక్తనాళాలే. లోపలి భాగంలో ఉండేవి మరీ సన్ననివి. బీపీ ఏళ్ల తరబడి 140/90 దాటి ఉంటే వాటి గోడలు పాడై, ఒకరోజు ఏదో ఒకటి చిట్లొచ్చు. దెబ్బ తగలక్కర్లేదు. బీపీతో చాలామందికి ఏ బాధా ఉండదు. "బాగానే ఉన్న కదా" అని గోలీలు ఆపేస్తారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

నిండు కుండలో ఇంకో చెంబెడు నీళ్లు పోస్తే పొర్లిపోతాయి. పుర్రెకు ఆ వీలు లేదు, చుట్టూ ఎముకే. కారిన రక్తం లోపలే గడ్డకట్టి పక్కనున్న మెదడును నొక్కుతుంది. ఏ చోటు నలిగితే ఆ చోటు చేసే పని ఆగిపోతుంది. ఎడమవైపు కారితే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. చాలామందికి మాట కూడా అటువైపే ఉంటుంది కాబట్టి అదీ పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రక్తనాళం చిట్లినా, రక్తపు గడ్డ అడ్డుపడి మూసుకుపోయినా పైకి కనిపించేది ఒకటే: పక్షవాతం. రెండింటికీ వైద్యం మాత్రం పూర్తిగా వేరు. గడ్డ అడ్డుపడితే, సరిపడే వాళ్లకు నాలుగున్నర గంటల లోపు దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. రక్తం కారుతున్న మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. తేడా చెప్పేది సీటీ స్కాన్. రాత్రి డ్యూటీలో డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నేనూ పక్కన నిలబడి చూసేదాన్ని. బూడిద రంగు మెదడు మధ్యలో తెల్లగా ఒక మచ్చ. కొత్తగా కారిన రక్తం అట్లా తెల్లగా కనిపిస్తుంది. 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగి మెదడును ఈ స్కాన్‌తో చూశారు. అంతకుముందు పుర్రె తెరవకుండా ఆ మచ్చను ఇంత స్పష్టంగా చూసే దారే లేదు.

అందుకే ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, మాట తడబడినా మీరు చేయాల్సింది చెబుతా. నవ్వమనండి. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమనండి, ఒక చెయ్యి దానంతటదే కిందికి జారుతుందేమో చూడండి. "వేయిస్తంభాల గుడికి పోయొద్దాం" అనమనండి. ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చి వాంతులైనా అంతే. చివరిసారి బాగున్నప్పుడు టైం ఎంతో కాగితం మీద రాయండి, డాక్టర్లు మొదట అడిగేది అదే. నీళ్లు తాగించొద్దు, మింగడం రాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రక్తం పలచబడే గోలీ ఇంట్లో ఉన్నా వేయొద్దు. వాంతి చేసుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

పసరు మందు పోయిస్తామని, పావురం రక్తం రాస్తామని తిప్పేవాళ్లుంటారు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి మనిషిని అట్లా తిప్పీ తిప్పీ మరునాటికి తీసుకొచ్చినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. మొదటి కొన్ని గంటల్లోనే ఆ మచ్చ పెరుగుతుంది. ఆ గంటల్లో బీపీ తగ్గించగలిగితే ఎంతో మేలు. ఆపరేషన్ అందరికీ అవసరం పడదు. వైద్యం అందినా చాలామంది దక్కరు, అది మీ దగ్గర దాచను. దక్కినవాళ్లకు ఆ రక్తం కొన్ని వారాల్లో మెల్లగా కరుగుతుంది, కసరత్తులతో చెయ్యి, కాలు కొంత తిరిగి వస్తాయి.

ఇంకో రకం ఉంది, దీన్ని పెద్దవాళ్లలో ఎవరూ పట్టించుకోరు. ముసలితనంలో మెదడు కొంచెం కుంచించుకుపోయి, దాని పైపొర మీది రక్తనాళాలు సాగి ఉంటాయి. బాత్‌రూంలో జారి తల చిన్నగా తగిలినా అవి తెగి, రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతుంది. మనిషి మందకొడిగా అవుతాడు, పేర్లు మరిచిపోతాడు, నడక తూలుతుంది. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడ్డది" అనుకుంటారు. స్కాన్ తీస్తే బయటపడుతుంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తే మళ్లీ మామూలు మనిషైనవాళ్లను కళ్లారా చూశాను.

మీ తాత వాడే గోలీల పేర్లన్నీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. రక్తం పలచబడే గోలీ ఏదో అడిగి దాని కింద గీత గీయండి. పోయిన నెల ఆయన మెట్ల దగ్గర పడ్డారని మీ అమ్మ చెప్పింది. అప్పటినుంచి నడకలో, మాటలో ఏమైనా తేడా ఉందా? చూసి నాకు ఫోన్ చేయండి.

మీ బాపమ్మ