మేడ మీది ట్యాంకు, పది ఎల్బోలు

ట్యాంకు నిండుగా ఉన్నా మా బాత్రూమ్ షవర్ సన్నగా కారేది. ప్లంబర్ చూసి "ప్రెషర్ పంపు పెట్టించుకోండి సార్" అన్నాడు. పంపు సంగతి తర్వాత చూద్దామని, గోడ పక్కన ఉన్న ఎల్బో (పైపుని మలుపు తిప్పే ముక్క) ఒకటి కోయించాను. లోపల పైపులు అతికించే సొల్యూషన్ ఎక్కువై, చుట్టూ ఉంగరంలా గడ్డకట్టి ఉంది. పైపు కోసినప్పుడు రేగిన పొట్టు కూడా దానికే అంటుకుంది. చిటికెన వేలు పట్టాల్సిన దారిలో పెన్సిల్ దూరడమే కష్టమైంది.

ట్యాంకులో నీటిమట్టం షవర్ కంటే 3 మీటర్లు ఎత్తున ఉందనుకుందాం. 10 మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది, అంటే మనకున్నది 0.3 బార్. ఆ 3 మీటర్లే పెట్టుబడి. ఖర్చంతా దారిలోనే.

ఎల్బోలో నీరు లోపలి మూలని వదిలేసి బయటి గోడ వైపు దూసుకుపోతుంది. వదిలేసిన మూలలో సుడులు లేస్తాయి. వాటిలో పోయిన శక్తి తిరిగి ఒత్తిడిగా మారదు, నీటిని మనకి తెలియనంత కొంచెం వేడెక్కిస్తుంది, అంతే. అర అంగుళం సీపీవీసీ (ఇళ్లలో వాడే ఒక రకం ప్లాస్టిక్) పైపు లోపలి వ్యాసం సుమారు 12.4 మి.మీ. అందులో నిమిషానికి 11 లీటర్లు పోవాలంటే నీరు సెకనుకు మీటరున్నర పరిగెత్తాలి. ఆ వేగంలో మన 3 మీటర్ల నుంచి ఒక్కో ఎల్బో దాదాపు 11 సెం.మీ. ఎత్తు మింగేస్తుంది. పది ఎల్బోలంటే మీటరు పైమాటే! ముప్పావు అంగుళం పైపులో అవే నీళ్లు సగం వేగంతో పోతాయి. నష్టం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ ఎల్బోకి 3 సెం.మీ. కూడా పోదు.

సన్న పైపు వేస్తే ప్రెషర్ పెరుగుతుందని చాలామంది నమ్మకం. తోట పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి నిజమే, కానీ బకెట్ ఇంకా ఆలస్యంగా నిండుతుంది.

ఫిట్టింగు, అంటే ఎల్బో లాంటి జాయింటు ముక్క, తీరు కూడా చూడాలి. సీపీవీసీలో అది పైపుకి బయట నుంచి తొడుక్కుంటుంది కాబట్టి దారి తగ్గదు. అల్యూమినియం పొర ఉండే కాంపోజిట్ పైపుల్లో అది లోపలికి దూరుతుంది, జాయింటు జాయింటుకీ ఒక ఇరుకు.

మేం ఆ ఎల్బో బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వేయించి, పైపు అంచుల పొట్టు చాకుతో గీకించాం. పంపు కొనలేదు. వేడినీళ్లు మాత్రం ఇంకా సన్నగానే వస్తున్నాయి. గీజర్‌కి బిగించిన ఫ్లెక్సిబుల్ పైపు విప్పి చూడాలి, అది వచ్చే ఆదివారం పని.