ఐ3 తీసి ఐ7 వేస్తారా? పాత ల్యాప్‌టాప్ మీద అపోహలు - వాస్తవాలు

నిన్న మధ్యాహ్నం షాపులో క్యారేజీ విప్పి కూర్చున్నానో లేదో ఒకాయన వచ్చారు, గాజువాక నుంచి, ఎండలో బస్సెక్కి. టవల్లో చుట్టిన ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి "బాబూ, ఇందులో ఐ3 ఉందంట, అది తీసేసి ఐ7 ఎయ్యి, పాపకి కాలేజీ ప్రాజెక్టు పనుంది, మరీ స్లో అయిపోయింది" అన్నారు. పవర్ బటన్ నొక్కి అన్నం కలుపుకున్నా. డెస్క్‌టాప్ వచ్చేసరికి పప్పన్నం అయిపోయి పెరుగులోకి వచ్చేశా. ఐ3, ఐ7 అంటే ఇంటెల్ ప్రాసెసర్ రకాలు, ల్యాప్‌టాప్‌కి మెదడు లాంటివి, మోడల్ చూస్తే ఐ3-5005యూ. "దీంట్లో ప్రాసెసర్ మారదండి" అన్నా. "ఏటి మారదు? ఇంకో షాపులో ఏడు వేలన్నారు, రెండు వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాను, నీ దగ్గర తక్కువవుద్దేమోనని వచ్చాను" అన్నారాయన. అడ్వాన్సు మాట దగ్గర గొంతు కాస్త తగ్గింది.

వైజాగ్ ద్వారకానగర్‌లో ఈ ల్యాప్‌టాప్ రిపేర్ పని మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది, వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతారు, అందుకే ఒకసారి రాసి పడేస్తున్నా, ఇకనుంచి అడిగినోళ్ళకి ఇదే వాట్సాప్‌లో పంపించేస్తా.

అపోహ: ప్రాసెసర్ కూడా ర్యామ్ లాంటిదే, తీసి వేరేది పెట్టేయొచ్చు

డెస్క్‌టాప్‌లో పెట్టొచ్చు, ఈ అపోహ పుట్టిందే అక్కడ. ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఐదో జనరేషన్ నుంచి (5005యూలో మొదటి 5 ఆ జనరేషన్ నంబరే), అంటే 2015 తర్వాత వచ్చినవాటిలో, ప్రాసెసర్ మదర్‌బోర్డుకి సోల్డర్‌తో అతికించేసి వస్తుంది. తీసి పెట్టే సాకెట్ లేదు, పిన్నులు లేవు. ఆ 5005యూ కింద 1168 సోల్డర్ బాల్స్ ఉంటాయి, ఒక్కోటి ఆవగింజ కంటే చిన్నది, అవి కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి, అన్నీ ఒకేసారి కరగాలి, చిప్పు లేచాక మళ్ళీ కొత్త బాల్స్ వేసి కూర్చోబెట్టాలి. ఈ పని చేసే చిప్ లెవెల్ వాళ్ళు మన వైజాగ్‌లోనూ ఉన్నారు, కానీ వాళ్ళు చేసేది బోర్డు పోయినప్పుడు, స్పీడు పెంచడానికి ఎవరూ చెయ్యరు. చేసినా బయోస్ (బోర్డులోనే ఉండి ల్యాప్‌టాప్‌ని లేపే ప్రోగ్రామ్) ఆ కొత్త చిప్పుని గుర్తుపట్టాలి, బోర్డు మీద పవర్ సెక్షన్ దానికి సరిపోవాలి. అదే మోడల్‌లో ఐ7 బోర్డు దొరికితే బోర్డు మొత్తం మార్చొచ్చు, అదొక్కటే దారి, ఆ డబ్బుకి ఇంకాస్త వేస్తే సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిదో జనరేషన్ ల్యాప్‌టాప్ చూసుకోవచ్చు.

మరి "మా ఫ్రెండ్ మార్పించుకున్నాడు" అంటారు. అబద్ధం కాకపోవచ్చు. రెండు, మూడు, నాలుగు జనరేషన్లలో, అంటే సుమారు 2011 నుంచి 2014 దాకా వచ్చిన లావు ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి సాకెట్ ఉండేది. నంబర్ చివర ఎమ్, క్యూఎమ్, ఎమ్‌క్యూ ఉంటే ఆశ ఉన్నట్టు, యూ ఉన్నా హెచ్‌క్యూ ఉన్నా ఆశ వదులుకోవడమే. ఎమ్ ఉన్నా కూడా గ్యారంటీ లేదు, ఐ5-3210ఎమ్ లాంటివి రెండు రకాలుగానూ వచ్చాయి. సీపీయూ-జెడ్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ప్యాకేజీ అన్న చోట పీజీఏ (పిన్నులది) అని ఉంటే ఊడుతుంది, బీజీఏ (సోల్డర్ బాల్స్‌ది) అని ఉంటే ఊడదు. అంతకంటే నమ్మకం కావాలంటే విప్పి చూడటమే, వేడి లాగే హీట్‌సింక్ తీశాక ప్రాసెసర్ పక్కన చిన్న స్క్రూ లాంటిది, దాని దగ్గర తాళం గుర్తు కనిపిస్తాయి, మైనస్ స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు తిప్పితే ప్రాసెసర్ చేతిలోకి వచ్చేస్తుంది.

అలా వచ్చినంత మాత్రాన సంబరపడకండి. నేను పడ్డాను ఒకసారి. షాపు పెట్టిన కొత్తలో అనకాపల్లి నుంచి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడు వచ్చాడు, ఐ3-3110ఎమ్ ఉన్న ల్యాప్‌టాప్. అది 35 వాట్ల ప్రాసెసర్. నా దగ్గర పాత బోర్డు మీంచి తీసిన ఐ7-3610క్యూఎమ్ ఉంది, 45 వాట్లు. సాకెట్ ఒకటే, బయోస్ తీసుకుంది, నాలుగు కోర్లు (ప్రాసెసర్ లోపల పనిచేసే చేతుల్లాంటివి) కనిపించాయి, ఇద్దరం టీ తాగి సెల్ఫీ కూడా దిగాం. మూడో రోజు ఫోన్, "అన్నా, రెండర్ పెడితే పావుగంటకి ఆగిపోతంది, ఫ్యాన్ సౌండుకి మా అమ్మ లేచిపోతంది" అని. ఒక్క సన్నటి రాగి గొట్టం ఉన్న హీట్‌సింక్ అది, ఆ పది వాట్లు ఎక్కువ వేడి దానివల్ల అవ్వలేదు. పాత ఐ3 తిరిగి పెట్టి డబ్బులు వెనక్కిచ్చా. అదే 35 వాట్లలో వచ్చే 3632క్యూఎమ్ వేసుంటే బతికిపోయేవాడు, నాకప్పటికి అంత తెలీదు.

ఐ7 అన్న మాటకి ఉన్న మోజు గురించి కూడా చెప్పాలి. ఐ7-7500యూలో ఉన్నది రెండే కోర్లు. దాని తర్వాత జనరేషన్‌లో వచ్చిన ఐ5-8250యూలో నాలుగు. ఐ7 అని చూసి మొదటిది ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాళ్ళు నా దగ్గరకే వచ్చి తలపట్టుకున్నారు. మూడో జనరేషన్ ఐ3-3110ఎమ్ తీసి ఐ5-3230ఎమ్ వేస్తే కోర్లు మళ్ళీ రెండే, గిగాహెర్ట్జ్ కాస్త పెరుగుద్ది, పేజీలు ఓపెన్ చేసే పాపకి తేడా తెలీదు. జనరేషన్ నంబర్ చూడండి, చివరి అక్షరం చూడండి, ఐ తర్వాత అంకె ఆఖర్న.

ఇంకోటి, ఇది కోపంతోనే రాస్తున్నా. ఐదో జనరేషన్‌లో, ఆ తర్వాతవాటిలో "మార్చేశాం" అని డబ్బు తీసుకునేవాళ్ళు చేసేదేంటంటే ఫార్మాట్ కొట్టి, దుమ్ము దులిపి, స్టిక్కర్ మార్చి ఇస్తారు. ఐ7 స్టిక్కర్ చవగ్గా దొరుకుద్ది, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో కనిపించే పేరుని రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల్లో, మార్చేయొచ్చు. కొత్తగా ఫార్మాట్ చేసింది కాబట్టి వారం రోజులు స్పీడుగానే ఉంటాది, నమ్మేస్తారు. సీపీయూ-జెడ్ చిప్పునే అడిగి చెప్తుంది, అందులో చూసుకుని డబ్బులివ్వండి.

అపోహ: ల్యాప్‌టాప్ పాతదైతే ప్రాసెసర్ స్లో అయిపోద్ది

అవ్వదు. కొన్న రోజు ఎంత స్పీడో ఇవాళా అంతే, వేడెక్కితే మాత్రం తనే తగ్గించుకుంటుంది. మరి ఎందుకు స్లో? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది, ల్యాప్‌టాప్ ఈడుస్తున్నప్పుడే చూడండి. సీపీయూ పదిహేను ఇరవై శాతంలో ఆడుతూ డిస్క్ 100 శాతం దగ్గర ఎర్రగా నిలబడిపోయి ఉందా? అయితే మీ ఐ3 చేతులు కట్టుకుని కూర్చుని హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తోంది, దాని బదులు ఐ7 పెడితే ఆ ఐ7 కూడా అలాగే కూర్చుంటాది. పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుద్ది, పెద్ద ఫైల్ ఒకటే చదివితే సెకనుకి వంద ఎంబీ దాకా వస్తుంది గానీ విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అడిగేది వేల చిన్న చిన్న ఫైళ్ళు, ఒక్కోదానికి లోపల ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి, అప్పుడు ఒకటి రెండు ఎంబీ రావడమే గగనం. హార్డ్ డిస్క్ బదులు వేసే ఎస్ఎస్‌డీ అంతా చిప్పులే, అందులో తిరిగేదీ లేదు, పరిగెత్తేదీ లేదు. పెద్ద ఫైల్ అయితే మామూలు సాటా రకం ఎస్ఎస్‌డీయే సెకనుకి 500 ఎంబీ దాకా ఇస్తుంది.

స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, ఉక్కునగరం నుంచి ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. ఆయన ల్యాప్‌టాప్ ఆన్ చేసి పూజ చేసుకుని వచ్చేవారు, అప్పటికి రెడీ అవుతుందని. ఎస్ఎస్‌డీ వేసి ఇచ్చాక ఇరవై సెకన్లలో వచ్చేస్తే "ఏం తీసేశావురా ఇందులోంచి" అని అడిగారు. ఏమీ తియ్యలేదు మాస్టారూ, పాత హార్డ్ డిస్క్ కూడా డీవీడీ డ్రైవ్ ఉన్న చోట క్యాడీ అనే ఫ్రేములో పెట్టి ఇచ్చాను, ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. క్యాడీ కొనేటప్పుడు 9.5 ఎంఎం, 12.7 ఎంఎం అని రెండు మందాలుంటాయి, ముందు డీవీడీ డ్రైవ్ తీసి కొలుచుకోండి.

డేటా పోద్దేమోనని భయపడేవాళ్ళకి: హార్డ్ డిస్క్ బాగుంటే ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్, అంటే కాపీ, అవుతుంది, పాస్‌వర్డ్‌లు, వాల్‌పేపర్‌తో సహా. ఒకసారి మద్దిలపాలెం నుంచి వచ్చిన అమ్మాయి క్లోన్ అయ్యేవరకు స్టూల్ మీంచి లేవలేదు, థీసిస్ అంతా అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. ఆ భయం నాకు తెలుసు, నవ్వను. కానీ డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో పసుపు రంగు చూపిస్తే, లోపల టిక్ టిక్ అంటుంటే, క్లోన్ అదీ ఇదీ అనకుండా ముందు కావాల్సిన ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి లాగేసుకోండి, తర్వాతే షాపు.

"ఎస్ఎస్‌డీ తొందరగా అరిగిపోద్ది" అనేది ఇంకో పుకారు. 240 జీబీ చవక రకం మీద కూడా 80 టీబీ (80 వేల జీబీ) రాయొచ్చని రాసిచ్చేవాళ్ళున్నారు, రోజుకి 20 జీబీ రాస్తే పదకొండేళ్ళ దాకా పట్టుద్ది. పోతే మాత్రం చెప్పకుండా పోద్ది, కాబట్టి కాపీ ఉంచుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

ర్యామ్: నాలుగు జీబీ ఉంటే ఎనిమిది చేయండి, తేడా కనిపిస్తుంది. ఎనిమిదిని పదహారు చేస్తే క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచేవాళ్ళకి ఏమీ కనిపించదు. నాలుగో జనరేషన్ యూ ప్రాసెసర్లకి, ఆ తర్వాత డీడీఆర్3 రకం ర్యామ్ వాడే వాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, 1.5 వోల్టుల పాత డీడీఆర్3 స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, స్క్రీన్ మాత్రం రాదు. 32 బిట్ విండోస్ ఉంటే నాలుగు జీబీ దాటి ఎంత వేసినా దండగ.

గ్రాఫిక్స్ కార్డు వేస్తారా: వెయ్యను, నూటికి తొంభై తొమ్మిదింట్లో అదీ సోల్డరే.

ఫ్యాన్, పేస్ట్ (ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసేది): ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌లు విప్పితే స్క్రూలు తుప్పు, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము తేమకి ముద్దయిపోయి దూది పరుపులా ఊడొస్తుంది. రెండేళ్ళకోసారి శుభ్రం చేయించి పేస్ట్ మార్చండి. ఉన్నట్టుండి డిస్‌ప్లే రాకపోతే బోర్డు పోయిందని ఏడవకండి, చాలాసార్లు ర్యామ్ తీసి ఆ బంగారు గీతల్ని పిల్లల రబ్బరుతో తుడిచి పెడితే లేచి కూర్చుంటాది, దానికి నేను డబ్బులు కూడా తీసుకోను.

విండోస్ 11: ఇంటెల్ అయితే ఒకటీ అరా తప్ప ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా కావాలి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మూడో జనరేషన్ సాకెట్‌లో ఎంత పెద్ద ఐ7 పెట్టినా ఈ గోడ దాటదు. బ్రౌజింగ్, టైపింగ్ వరకే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి ఇస్తున్నా, అలవాటు పడ్డవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఇంతకీ ఆ గాజువాకాయన. అడ్వాన్సు తీసుకున్న షాపు పేరు నేనడగలేదు, ఆయన చెప్పలేదు. "వెయ్యబోయే ఐ7 మోడల్ నంబర్ బిల్లు మీద రాసిమ్మనండి చాలు, గొడవేమీ పడకండి" అని పంపించా. ఇవాళ పదకొండింటికి మళ్ళీ వచ్చారు. బిల్లు మీద రాయమనేసరికి స్టాక్ లేదన్నారట, చెకింగ్ చార్జీలని ఐదొందలు పట్టుకుని పదిహేనొందలు తిరిగిచ్చారట. "పోన్లే బాబూ, అయిదొందలతో పోయింది" అన్నారు. ఆ పదిహేనొందలకి ఇంకొంచెం కలిపి ఎస్ఎస్‌డీ తీసుకున్నారు. ఇది టైప్ చేస్తుంటే పక్కన దాని క్లోన్ 61 శాతం దగ్గర ఉంది, ఆయన ఎదురుగా స్టూల్ మీద కూర్చుని పాపకి ఫోన్లో శాతాలు చెప్తున్నారు.